పాత చెక్క ఇంటి చరిత్ర రాయబోతున్న చిన్నీకి

చిన్నీ, మెసేజ్ చూశానమ్మా, ఇంగ్లండ్‌లోని మీ యార్క్‌లో కింద షాపు, పైన ఇల్లు ఉన్న పాత చెక్క బిల్డింగ్ చరిత్ర రాయాలంట కదా, చాలా సంతోషం. ఇలాంటి ఇళ్ళ రిపేర్లు చేస్తూనే బతికినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఆర్కైవ్స్ తర్వాత, ముందు అటకెక్కు.

వీధివైపు కనిపించేదాన్ని నమ్మడానికి లేదు. ఆ నల్ల దూలాలు తెల్ల గోడలు చాలాచోట్ల విక్టోరియా కాలంలో వేసిన రంగే, ఇంకొన్నిటికి ముందు ఇటుక ఎలివేషన్ కట్టేసి చెక్కంతా దాచేశారు. సౌతాంప్టన్‌లో ఫ్రెంచ్ స్ట్రీట్ 58 నంబరు ఇల్లుంది, సుమారు 1290లో జాన్ ఫోర్టిన్ అనే వర్తకుడు కట్టించుకున్నాడు, వీధివైపు షాపు, మధ్యలో హాలు, కింద రాతి సెల్లార్లో వైన్. తర్వాత దాన్ని ముక్కలు చేసి అద్దెలకిచ్చారు, పబ్బు కూడా నడిపారు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దెబ్బ తగిలాకగానీ లోపల అంత పాత ఇల్లుందని బయటపడలేదు!

అటకలో టార్చ్ వేసి వాసాలు చూడు. మసి పట్టి ఉంటే కింద హాలు కప్పుదాకా ఖాళీగా ఉండేదన్నమాట, నేలమీద పొయ్యి, పొగ నేరుగా పైకి. మసి ఒకచోట గీత గీసినట్టు ఆగిపోతే అక్కడ గోడ ఉండేదని అనుకోవచ్చు. చిమ్నీ, హాలు మధ్యలో వేసిన ఫ్లోరు ఎక్కువగా 16వ శతాబ్దంలో వచ్చినవి.

తర్వాత దూలాల్లో ఖాళీ బెజ్జాలు వెతుకు, ఒక్కటీ వదలకు, ప్రతిదాంట్లో ఒకప్పుడు ఏదో చెక్క కూర్చుని ఉండేది, తీసేసిన మెట్లో, గోడో, కిటికీనో. వడ్రంగులు పచ్చి ఓక్‌ని యార్డులోనే నేలమీద పరిచి జతచేసి, రోమన్ అంకెల్లాంటి గుర్తులు చెక్కి, విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టి చెక్క చీలలు కొట్టేవాళ్ళు. ఆ అంకెల వరస ఎక్కడ తెగితే అక్కడ మార్పు జరిగిందేమో అని ఆగి చూడాలి.

షాపు గుర్తుపట్టడానికి వీధివైపు వెడల్పాటి కిటికీలు, పైన ఆర్చ్, గాజు అద్దం బిగించడానికి గాడి ఉండదు, కిటికీ రెక్క కిందకి దించితే అదే కౌంటర్. సింగిల్టన్ దగ్గర వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో హార్షమ్ నుంచి విప్పి తెచ్చిన 15వ శతాబ్దపు షాపు నిలబెట్టారు, వీలుచేసుకుని వెళ్ళు, ఎన్ని ఫోటోలు చూసినా అలా అర్థం కాదు.

డేట్ కావాలంటే చెక్కలోకి సన్నగా డ్రిల్లు చేసి, చెట్టు ఏడాదికొకటి వేసే రింగులు లెక్కపెట్టిస్తారు. బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టు కొట్టిన ఏడాదే తేలొచ్చు, కానీ ఒక్క దూలంతో తేల్చేయకు, పాత చెక్క మళ్ళీ వాడటం మామూలే.

కాగితాలు అప్పుడు తియ్యి, ఎందుకు కట్టారో అవే చెప్తాయి. మీ గుడ్‌రమ్‌గేట్ వీధిలో 1316 నాటి లేడీ రో అనే ఇళ్ళ వరస ఉంది కదా, చర్చి స్మశానం అంచున కట్టి ఆ అద్దెలతో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థనలు చేసే ప్రీస్టుని పోషించారు, ఈ సంగతి ఏ దూలమూ చెప్పదు.

లిస్టెడ్ బిల్డింగ్ అయితే, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉంటే, పర్మిషన్ లేకుండా డ్రిల్లు పెట్టనివ్వకు, ఎవరు చెప్పినా సరే. ఒక్కో ఫ్రేమ్, అదే చెక్క చట్రం, కొలిచి గీసి పంపు, కూర్చుని చూద్దాం.

బాబాయ్