అమ్మడూ, పువ్వు ఒక్కటే కోసుకురాకు

విజయనగరం

చిరంజీవి అమ్మడిని ఆశీర్వదించి మీ పెద్దనాన్న వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి, సోంపేట బీలలో, ఆ చిత్తడి నేలలో, నీటి మొక్కల ఫొటోలు తీయడానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీకు ఈత రాదు.

కెమెరా సంగతులు నాకంటే నీకే ఎక్కువ తెలుసు. స్టాండు మరిచిపోకు. తెల్ల కలువ రాత్రి విచ్చుకుని పొద్దెక్కాక ముడుచుకుంటుంది, కాబట్టి ఆరింటికల్లా గట్టు మీద ఉండు. సముద్రం దగ్గర కదా, ఎండ ముదిరాక గాలి లేస్తుంది. అప్పుడిక తుంగ నీ మాట వినదు. మబ్బు పట్టిన రోజు దొరికితే వదలకు. లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టరు తిప్పితే ఆకుల మీది తెల్లటి మెరుపు పోతుంది. చివరిదాకా మాత్రం తిప్పకు, నీటిలో నీడలన్నీ పోతే మిగిలేది బురదే.

నువ్వు ఫోనుకు పంపిన ఆరు ఫొటోలూ చూశాను. బాగున్నాయి. బాగున్నాయి కాబట్టే కోపం వచ్చింది. అన్నిటిలోనూ ఒక పువ్వు, చుట్టూ చతురస్రంగా కోత, పెళ్ళిచూపులకు పంపే ఫొటోలాగా. ఆ కలువ ఏ గుడి కోనేరుదైనా కావచ్చు. బీల ఏదమ్మా?

ఈ మాట అనే అర్హత నాకు ఎలా వచ్చిందో చెబుతాను. 1986లో, కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున బీల గట్టు మీద నుంచి ఒక ఫొటో తీశాను. ముందు కలువలు, వాటి వెనక తుంగ, తుంగను చీల్చుకుంటూ గేదెలు నడిచిన నీటి దారి, ఒక పక్క చేపల కోసం ఎవరో పెట్టిన వెదురు బుట్ట, పై అంచున వరి మడి. ఒక్క ఫ్రేములో అన్నీ కుదిరాయి. అవి కుదిరాయని నాకు అప్పుడు తెలియలేదు. ఒక క్యాలెండరు అచ్చువేసే ఆయన నిలువు ఫొటో అడిగాడు, పువ్వు చాలన్నాడు. రంగుల ప్రింటుకు అప్పట్లో విశాఖ పంపేవాళ్ళం. ఎక్కడ కోయాలో ప్రింటు మీద నేను గీసిన గీతలను అక్కడ ఎవరూ పట్టించుకునేవారు కాదు. నాకు ఒళ్ళు మండి, బ్లేడు తీసుకుని నెగటివునే కోసేశాను. నల్ల కాగితం అంటించి ఉంటే సరిపోయేది! ముప్పై ఆరు మిల్లీమీటర్ల నెగటివులో వేలిగోరంత ముక్క మిగిలింది. తక్కినది చెత్తబుట్టలోకి. క్యాలెండరు వచ్చింది, డబ్బులు వచ్చాయి, మీ పెద్దమ్మ ముక్కుపుడక కొనుక్కుంది.

తర్వాత ఇరవై ఏళ్ళు దాటాక అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామన్నారు. బీలలో ఏముంది, పనికిరాని నేల అనే మాట వినిపించేది. అంతకుముందు బీల ఎలా ఉండేదో చూపించడానికి ఒక్క ఫొటో ఉంటే ఇవ్వు బాబూ అని ఊరి పెద్ద ఒకాయన నా స్టూడియోకు వచ్చాడు. పెట్టెలన్నీ వెతికాను. పువ్వులున్నాయి. గేదెల దారి లేదు, బుట్ట లేదు, మడి లేదు. ఆయన పువ్వును చూసి, చాలా బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ కేంద్రం వద్దని జనం అడ్డుపడితే, 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నా ఫొటో ఉంటే ఏదో ఆగేదని అనను, అంత పిచ్చి లేదు. ఆయన బాగుందన్న తీరు మాత్రం చెవిలో ఉండిపోయింది.

ఆకాశం కనిపించకపోయినా, దూరపు కొండలు లేకపోయినా ఒక చోటు చోటులా కనిపించవచ్చు. ఎలియట్ పోర్టర్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ 1979లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అలాంటి చిత్రాలతోనే ప్రదర్శన పెట్టాడు. దగ్గరగా వెళ్ళడం తప్పు కాదు. దేని పక్కన ఏది మొలిచిందో చెరిపేయడమే నాకు నచ్చనిది.

అందుకని కోత విషయంలో కొంచెం తాపీగా ఉండు. అట్టముక్కలు రెండు మూలమట్టంలా, ఇంగ్లీషు L ఆకారంలో కత్తిరించి, ప్రింటు మీద అటూ ఇటూ జరుపుతూ చూడు. ప్రింటును తలకిందులు చేసి కూడా చూడు. పువ్వు పేరు మరిచిపోతావు, బరువు ఎటు ఒరిగిందో తెలుస్తుంది. ముందు నాలుగు మూలలూ చూడు. అంచున ఆకు తగిలీ తగలకుండా ఉంటే లోపలికి తీసుకో, లేదా ధైర్యంగా సగానికి కోయి. ఇంటికెళ్ళి కోసుకోవచ్చులే అని గట్టు మీద బద్ధకించకు: 6000 బై 4000 చుక్కల ఫొటోను రెండు వైపులా సగానికి కోస్తే మిగిలేది పావు వంతు, మంచి ప్రింటు పది అంగుళాలు దాటదు. ఏం కోసినా అసలు ఫైలు వేరేగా, రెండు చోట్ల దాచు.

ఇక నీళ్ళు. పాము సంగతి వదిలెయ్, చాలావరకు అదే నిన్ను చూసి పారిపోతుంది. నా భయమంతా బురదతోనే. పైన ఆకులు పచ్చగా పరుచుకుని ఉంటే నేలేననిపిస్తుంది. ఒకసారి తొడ దాకా దిగబడ్డాను, కెమెరా పైకెత్తి పట్టుకుని నిలబడితే ఒక గేదెల కాపరి తాడు విసిరి లాగాడు. చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. చేతిలో పొడవాటి కర్ర ఉంచుకో, అడుగు వేసే ముందు పొడిచి చూడు, ఊళ్ళో రైతు ఎవరినైనా తోడు తీసుకెళ్ళు. ఎండిన కాడ అడ్డొచ్చిందని పీకడానికి దిగకు. నువ్వే గట్టు మీద రెండడుగులు జరుగు.

మోకాళ్ళు సహకరిస్తే నేనే వచ్చేవాడిని. ఆ నెగటివు ముక్కను ఈ కవరులో పెడుతున్నాను, వెలుతురుకు ఎత్తి చూడు, పారేయకు. బయలుదేరే ముందు ఫోను చెయ్యి, ఎంత పొద్దున అయినా సరే. మోకాలి లోతు దాటి దిగావని తెలిసిందో, మీ నాన్నకు చెబుతాను.

మీ పెద్దనాన్న