గొడ్డలి కంటే ముందు క్యాలెండర్ చూడు

చిరంజీవి శీనుకి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. మీ కాలనీ వెనక కుంటలో నీళ్ల కన్నా చెట్లే ఎక్కువున్నాయి. ఈ ఆదివారమే రంపం మిషన్ తెప్పించి అన్నీ కోయిద్దామని అసోసియేషన్‌లో అనుకున్నారట. ఆగండ్రా. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే చేశాను. ఒక కుంటలో సర్కారు తుమ్మలన్నీ దీపావళి అవగానే నేలమట్టంగా కోయించి మురిసిపోయాను. ఏడాది తిరిగేసరికి ఒక్కో మోడు చుట్టూ పది పన్నెండు కొమ్మలు లేచాయి. అంతకుముందు మనిషైనా దూరేవాడు, ఆ తర్వాత మేకపిల్ల కూడా దూరలేదు.

ఈ సర్కారు తుమ్మ ప్రాణం నేల కింద, వేరూ కాండమూ కలిసేచోట ఉంటుంది. పైన కోస్తే అక్కడి మొగ్గలు లేస్తాయి. చుట్టూ గడ్డపారతో తవ్వి, జానెడు లోతు దాకా ఆ మొదలుతో సహా తీయాలి. బెరడు ఒలిచి వదిలేస్తే ఎండిపోతుందని ఎవరైనా చెబితే వినకు, ఒలిచినచోటికి కింద నుంచి పిలకలేస్తుంది. 1877లో కడప జిల్లా కమలాపురంలో దొరలు నాటించిన పరాయి చెట్టు ఇది. పొయ్యిలోకి మాత్రం దీన్ని మించిన కట్టె లేదు. కోసింది బొగ్గుబట్టీ వాళ్లు తీసుకుంటారేమో అడుగు, కూలీ ఖర్చు కొంతైనా వస్తుంది.

నీళ్లలో చెట్లెలా మొలిచాయని అడిగావు. నీళ్లలో మొలవలేదు. లోతు తక్కువ కాబట్టి ఎండాకాలంలో అంచులు బయటపడతాయి. మేకలు, బర్రెలు తుమ్మకాయలు తిని అక్కడే పేడ వేస్తాయి. తడి ఒండ్రులో గింజ మొలుస్తుంది. వానలు ఆలస్యమైన ఏడాది మొక్క నడుమెత్తు పెరిగిందంటే, తర్వాత నీళ్లొచ్చినా తల పైనే ఉంటుంది. పూర్తిగా మునిగిన పిల్లమొక్క మాత్రం బతకదు.

అందుకే శివరాత్రి వేళ, నీళ్లు వెనక్కి తగ్గుతుంటే, మెత్తటి మట్టిలోంచి చిన్న మొక్కలు చేత్తో పీకేయండి. తోలు గ్లవ్స్ తప్పనిసరి, ఆ ముల్లు లోపల విరిగితే చీము పడుతుంది. పెద్ద చెట్లు మేలో, తొలి వానకు ముందు. తవ్వలేని మోడును వీలైనంత కిందికి కోసి, నీళ్లు దాని మీద నెలల తరబడి నిలిచేలా చూడండి. ఫొటోలో మత్తడి, అంటే కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే గట్టు, దాని రాళ్లు ఊడిపోయి ఉన్నాయి. నీళ్లన్నీ అటే పోతుంటే ఏటా తుమ్మలు కోస్తూనే ఉంటారు. ముందు దాన్ని బాగుచేయించమని అధికారులకి అర్జీ పెట్టు.

జేసీబీతో లోతుగా పెకలించొద్దు. అడుగున నీళ్లు పట్టి ఉంచే బంకమట్టి పొర చిరిగిపోతుంది. గుంట పడినచోట రేగడి మట్టి పోసి దిమ్మిస కొట్టించాలి. కుంటల అంచున పెరిగే లొట్టపీసు పొద సంగతి వేరు. కోసిన ముక్క బురదలో పడితే చాలు, వేరు పట్టేస్తుంది. దాన్ని కుంట బయట ఎండబెట్టాలి.

గడ్డిమందు కొట్టిద్దామన్నది ఎవరోగానీ, ఆ ఆలోచన మానుకోమను. కప్పలూ చేపలూ పోతాయి. పైగా పెస్ట్ కంట్రోల్ వాళ్లు తప్ప గ్లైఫోసేట్ అనే గడ్డిమందు ఎవరూ వాడకూడదని 2022లోనే కేంద్రం ఆంక్ష పెట్టింది.

నీళ్ల నడుమ ఉన్న నల్ల తుమ్మలు నాలుగైదు ఉంచండి. అవి మన చెట్లే. వానాకాలంలో గిజిగాళ్లు వాటికే గూళ్లు వేలాడదీస్తాయి.

ఇక కాగితాలు. చెట్టు కొట్టడానికి అనుమతి కావాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. అది చేతికి రాకుండా ఒక్క కొమ్మ కూడా విరవొద్దు. చెట్లు కమ్మేశాయి, ఇంక ఇది కుంటే కాదు, పార్కు చేద్దాం అనేవాళ్లు మీ కాలనీలోనూ ఉంటారు. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్తావుగా, పేరులో తప్ప అక్కడ ట్యాంకు ఎక్కడుందో వాళ్లని చూపించమను.

కట్ట మీద పెద్ద చెట్ల జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. కొట్టేశాక లోపల వేర్లు కుళ్లి గొట్టాల్లా బోలు పడతాయి, వాటిగుండా నీళ్లు కారి కట్టకే ప్రమాదం. మే మొదటి వారంలో మీ పెద్దమ్మా నేనూ వస్తున్నాం. నేను చూసేదాకా వాటిని ముట్టుకోనివ్వకు.

మీ పెదనాన్న