వారం వారం సీరియల్ రాస్తున్నా, ఇంట్లో ఎవరూ సంతోషంగా లేరు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు క్యాషియర్‌ని. ఇద్దరు పిల్లలు. మూడు నెలలుగా ఒక వారపత్రికలో నా సీరియల్ వస్తోంది. గురువారం సాయంత్రానికల్లా 1500 మాటల భాగం పంపాలి. ఇంతవరకు ఒక్క వారమూ తప్పలేదు. కానీ బుధవారం రాత్రి అందరూ పడుకున్నాక మొదలుపెడితే ఒంటిగంట దాటుతుంది. ఆ రాత్రి అన్నం మానేసి టీలు, మిక్చర్‌తో లాగించేస్తాను. మిగతా రాత్రులు, కథ నడపడం తెలుస్తుంది కదా అని, వెబ్ సిరీస్‌లు చూస్తూ పన్నెండు చేస్తున్నాను. పుస్తకం ముట్టుకుని నెలలైంది. కడుపులో మంట. గురువారాల్లో రెండుసార్లు క్యాష్ తగ్గి నా చేతి డబ్బు కట్టాను. ‘ఆ పారితోషికం నీ మిక్చర్ ప్యాకెట్లకే సరి’ అంటారు మావారు. పోయిన నెల నుంచి అత్తయ్య మాట్లాడటం తగ్గించారు. కథలో సామాన్ల గది తాళంచెవి కొంగున ముడేసుకుని తిరిగే అత్తగారు తనేనని ఆవిడ బాధ. తాళంచెవి మా ఇంటిదే, కాదనలేను. సీరియల్ ఆపేయనా?

జవాబు: ఆపకండి. ఉద్యోగం, పిల్లలు, ఇల్లు చూసుకుంటూ మూడు నెలలు ఒక్క వారం తప్పకుండా రాశారు. అది చిన్న విషయం కాదు. మీరు రాస్తున్నారని ఇంట్లో అందరికీ తెలుసు గానీ, ఆ రాతకంటూ ఒక వేళ ఉండాలని ఎవరూ అనుకోలేదు, మీరూ అడగలేదు. అందుకే అది మీ నిద్రలోంచి, అన్నంలోంచి, మర్నాటి కౌంటర్‌లోంచి లాక్కుంటోంది. ముందు ఆ వేళ పెట్టుకోండి. పెట్టుకుని, ఆ మాట ఇంట్లో పైకి చెప్పండి.

భాగం మొత్తం ఒకే రాత్రి రాస్తే చాలామందికి ఒకటే జరుగుతుంది. మొదట్లో సంభాషణలు తీరిగ్గా సాగుతాయి, అసలు సంఘటన చివరి రెండు వందల మాటల్లో హడావిడిగా తేలిపోతుంది. మీ పాత భాగాలు తీసి చూడండి. ఆ పనిని ఇలా విడగొట్టండి. శుక్ర, శని, ఆది, సోమవారాల్లో ఉదయం 5.10 నుంచి 6.10 దాకా రోజుకు 400 మాటలు. నాలుగు రోజులకు 1600. మంగళవారం కొత్తగా ఒక్క లైనూ రాయొద్దు. రాసింది పైకి చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం సరిగా లేదన్నమాట, ఒకే మాట పదే పదే వచ్చినా కంటికంటే ముందు చెవికి దొరుకుతుంది. అలా ఒక వంద మాటలు తీసేస్తే మీ 1500 మిగులుతాయి. బుధవారం ఉదయం అచ్చుతప్పులు దిద్ది పంపేయండి. గురువారం ఉదయం నిద్రపోండి.

ఇందులో ఒక మెళకువ ఉంది. ఏ రోజు రాత ఆ రోజు ముగించకండి. పాత్ర నోరు తెరవబోయే చోట ఆపి, ఏమంటుందో కింద ఒక్క ముక్క రాసి లేవండి. మర్నాడు ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో వెతుక్కుంటూ మొదటి ఇరవై నిమిషాలు పోగొట్టుకోరు.

జ్వరాలూ పెళ్లిళ్లూ వస్తాయి కాబట్టి చేతిలో రెండు భాగాలు ముందే ఉండాలి. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకుకి సెలవే కదా. ఆ రెండు మధ్యాహ్నాలూ 2 నుంచి 5 దాకా అదనంగా వెయ్యేసి మాటలు రాయండి. వచ్చే నెల రెండో శనివారానికి 3000 మాటలు, అంటే రెండు భాగాలు నిల్వ ఉంటాయి. అప్పుడు ఆ శనివారాలు మళ్లీ పిల్లలవి.

ఐదింటికి లేవాలంటే పదింటికి పడుకోవాలి. అడ్డం వచ్చేది సిరీస్‌లే. ప్రతి ఎపిసోడ్ చివర్లో తర్వాతిది చూడక తప్పనట్టు కొక్కెం వేసి వదులుతారు. అందుకని ఎపిసోడ్ అయ్యాక ఆపుదామనుకుంటే ఆపలేరు. తర్వాతిది మొదలై పది నిమిషాలయ్యాక, పాత చిక్కు కాస్త విడిన చోట ఆపండి, తేలిగ్గా లేస్తారు. సెట్టింగ్స్‌లో తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే ఆప్షన్ ఆఫ్ చేయండి. చూడటం వారానికి రెండు రాత్రులు, హాల్లో అందరితో కలిసి. నేర్చుకోవడానికే చూస్తున్నారంటే పక్కన చిన్న పుస్తకం ఉండాలి. సన్నివేశం ఎక్కడ మొదలైంది, ఎక్కడ తెంచారు, మనకి ఏ సంగతి చెప్పకుండా దాచారు, ఈ మూడూ రాసుకోండి. రాయకుండా చూసింది కాలక్షేపమే. కాలక్షేపమూ కావాలి మనిషికి, దానికి నేర్చుకోవడమని పేరు పెట్టుకోనక్కర్లేదు.

చదవడం మానేసినందుకు నాకు ఎక్కువ దిగులుగా ఉంది. సీరియల్ రాసేవాళ్లు చదవకపోతే కొన్ని వారాల్లోనే తమ వాక్యాలే తమకి తిరిగి తిరిగి వస్తాయి. లంచ్‌లో ఇరవై పేజీలు చాలు. 240 పేజీల నవల పన్నెండు రోజుల్లో అయిపోతుంది. మీరు రాస్తున్న లాంటి ఇంటి కథలు ఇప్పుడు కాస్త పక్కన పెట్టండి, ఆ గొంతు తెలియకుండానే మీ రాతలోకి వచ్చేస్తుంది. ప్రయాణాలు, జీవిత చరిత్రలు, వేరే ప్రాంతపు యాస ఉన్న కథలు చదవండి.

ఇక మీవారి సంగతి. డబ్బు లెక్క మీద వాదించకండి, ఆ లెక్కలో మీరు గెలవరు. ఆయన మాటల వెనక వేరే భయం ఉండొచ్చు. రాత్రి ఒంటిగంటకి భార్య హాల్లో ఒంటరిగా టీ తాగుతూ కూర్చుంటే, మర్నాడు క్యాష్ తగ్గితే ఎవరికైనా కంగారే. ‘నాకు సపోర్ట్ చేయండి’ అంటే ఏం చేయాలో ఆయనకి తెలియదు. పని పేరు పెట్టి అడగండి: ‘సోమ, మంగళ, బుధ, శుక్రవారాలు పిల్లల టిఫిన్ మీరు చూడండి. బుధవారం రాత్రి ఇక నేను కూర్చోను.’

శనివారం రాత్రి ఒక గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ లెక్కన పిండి కలిపి ఉంచితే ఆదివారానికి పులుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే బుధవారం దాకా వస్తుంది. ఆయన ప్లేట్లలో వేసి పన్నెండు నిమిషాలు ఆవిరి పట్టడమే. శుక్రవారం ఉప్మా: ఒక గ్లాసు బొంబాయి రవ్వ వేయించి, మూడు గ్లాసుల నీళ్లు తెర్లాక, మంట తగ్గించి, ఒక చేత్తో రవ్వ జారవిడుస్తూ రెండో చేత్తో కలుపుతూ ఉండాలి. గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. మొదటిసారి కట్టినా మీరు లేచి వెళ్లకండి. వెళ్తే ఆ గంట మళ్లీ మీది కాదు.

అత్తగారితో ‘అది మీరు కాదు’ అనకండి. ఆవిడ తన కొంగు తాను గుర్తుపట్టారు, కాదంటే అబద్ధమాడుతున్నారని కూడా అనుకుంటారు. ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని చెప్పండి: ‘అత్తయ్యా, తాళంచెవి మీదే. అడగకుండా వాడుకున్నాను, తప్పు నాది. ఆ మనిషి చేసే మిగతా పనులు మాత్రం నేను కల్పించినవి.’ అక్కడితో ఆగి, ఆవిడ ఏమన్నా వినండి. ఆ తాళం ఎందుకు వేసేవారో అడగండి. కరువు చూసి ఉండొచ్చు, పదిమంది ఉన్న ఇంట్లో సరుకు నెలాఖరు దాకా లాగి ఉండొచ్చు. మీ కథకి ఇంతవరకు లేని లోతు ఆ జవాబులో దొరకవచ్చు, అది వాడుకుంటానని అడిగి మరీ వాడుకోండి. ఆవిడని మెప్పించడానికని పాత్రని ఉన్నట్టుండి దేవతని చేయకండి, పాఠకులూ నమ్మరు, ఆవిడా నమ్మరు. వారపత్రికల సీరియళ్లతో పెరిగిన తరం ఆవిడది. మనసు కుదుటపడ్డాక, ఆవిడ సరేనంటే, మంగళవారం చదివేది ఆవిడకి వినిపించండి.

ముందు ముందు ఇంట్లోవాళ్ల నుంచి ఏది తీసుకున్నా ఊరు, వృత్తి, సంఘటన ముగిసిన తీరు మూడూ మార్చండి. ఈ మధ్య ఇంట్లో జరిగిన గొడవ ఈ సీరియల్లోకి రాకూడదు. పిల్లల స్కూలు సంగతులు, వాళ్ల స్నేహాలు అసలే వద్దు, రేపు క్లాసులో మాట పడేది వాళ్లు.

కడుపు మంటకి ముందు చేయాల్సింది రాత్రి ఎనిమిదింటికల్లా అన్నం తినడం, పడుకునే లోపు రెండు మూడు గంటల వ్యవధి ఇవ్వడం. సాయంత్రం నాలుగు తర్వాత టీ వద్దు. కెఫీన్‌లో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది, అందుకే మీకు ఒంటిగంటకి పడుకున్నా నిద్ర పట్టకపోవచ్చు. ఉదయం రాసే ముందు గ్లాసు నీళ్లు, ఒక అరటిపండు చాలు, టీ రాసి లేచాక. రెండు వారాలు ఇలా తిన్నా మంట తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా అంతవరకు ఆగకండి.