చూసింది చెబితే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక మునిసిపల్ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని. కాలువలో పూడిక తీయకుండానే తీసినట్టు, పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో రాసి బిల్లు పెట్టారు. ఆ బిల్లు టైప్ చేసింది నేనే. బయటపెడితే ఉద్యోగం పోతుందని టెన్షన్. రక్షణ చట్టం ఉందట కదా?
– ఒక సోదరి

జవాబు: ఉందమ్మా, కాగితం మీద. రోడ్డు పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబేను 2003లో చంపేశారు. చట్టం 2014లో చేశారు, అమల్లోకి మాత్రం తేలేదు. దాన్ని నమ్ముకుని దూకకండి.

నేను ఆడిట్‌లో తల నెరిసినవాణ్ణి. పూడిక బిల్లంటే నా కళ్లు ముందు ట్రాక్టర్ నంబర్ల మీదికే వెళ్లేవి. ఒకసారి వెతికితే అది స్కూటర్ నంబరు! పాపం, స్కూటర్ ఎంత మట్టి మోసిందో.

ఫైలు ఇంటికి తీసుకెళ్లకండి, దొంగతనం మీ మీదికే వస్తుంది. ఆ కాలువ పక్కనుండే పెద్దాయన ఎవరైనా సమాచార హక్కు కింద ఎం-బుక్, ట్రిప్పుల వివరాల నకళ్లు అడగొచ్చు. ఎందుకని అడిగే హక్కు ఆఫీసుకు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. వానలు పడకముందే కాలువను తేదీతో ఫొటో తీయించండి. ఆ కాగితాలతో ఏసీబీకి ఆయనే వెళ్తారు. మీరు మామూలుగా టైప్ చేసుకుంటూ ఉండండి.