స్కోగర్ వదిలి బయల్దేరే ముందు

పర్లాకిమిడి

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బ్యానర్ సాగా అనే వీడియో గేమ్ ఆడుతున్నానని, దారిలో తిండి అయిపోయి జనం రోజూ రాలిపోతున్నారని రాశావు. మళ్ళీ మొదట్నుంచి ఆడు. ఈసారి నీ జనం వదిలి పారిపోయే ఊరు స్కోగర్ గేటు దాటకముందే ఒకటి తేల్చుకో: నువ్వు కాపాడేది ఊరినా, జనాన్నా? 1936 ఏప్రిల్ 1న మన పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చినప్పుడు కదిలింది సరిహద్దు గీతే. ఇళ్ళూ పొలాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి, మన మాటా మనతోనే ఉంది. ఆ ఆటలో అలా కాదు, నేలే పోతుంది. డ్రెడ్జ్ అనే రాతి కవచాల శత్రుసేన వచ్చి పడ్డ ఊరిని పట్టుకుని వేలాడితే ఊరూ దక్కదు, మనుషులూ దక్కరు.

బండ్లు కదిలాక రెండు లెక్కల మీద కన్నుంచు: జనం ఎంతమంది, తిండి ఎన్ని రోజులకుంది. సామాన్యులు, పోరాడేవాళ్ళు, వార్ల్‌లనే కొమ్ముల మహాకాయులు అందరూ ఆ తిండే తింటారు. అంటే దారిలో ఓ గుంపుని చేర్చుకున్న క్షణమే రోజుల లెక్క తగ్గుతుంది. అయినా చేర్చుకో. చేరదీసిన వాళ్ళంతా మంచివాళ్ళే అవుతారని మాత్రం అనుకోకు.

అసలు చిక్కు రినౌన్ దగ్గరుంది. శత్రువుల్ని చంపితే, కొన్ని నిర్ణయాలు తీసుకుంటే వచ్చే ఈ పాయింట్లతోనే వీరుల ర్యాంకు పెంచాలి, వాళ్ళు పెట్టుకునే వస్తువులు కొనాలి, తిండి కూడా కొనాలి. సంచి ఒక్కటే, చేతులు మూడు. ఆకలి పెట్టినా ఆట ఆగిపోదు కాబట్టి మొత్తం ర్యాంకులకే పొయ్యమని చెప్పేవాళ్ళున్నారు. అది గెలిచే దారే కావచ్చు. జనాన్ని దాటించే దారి కాదు. నా లెక్క ఇది: బజారు కనిపించగానే ముందు తిండి ధర చూడు. ఒక్క రినౌన్‌కి వచ్చే తిండి ఊరు ఊరికీ మారుతుంది, ఎక్కువొచ్చే చోట బాగా నింపుకో. మిగిలిన దాంతో ఇద్దరు ముగ్గురు వీరుల్ని పెంచు. అందర్నీ సమంగా పెంచబోతే ఎవరూ ఎదగరు. వస్తువులు చివర.

గుడారం వేసి విశ్రాంతి తీసుకుంటే గాయాలు మానతాయి, ధైర్యం పెరుగుతుంది, దానికి రోజు తిండి ఖర్చవుతుంది. ధైర్యం బాగా అడుక్కి పడితే వీరుల విల్‌పవర్, అంటే పోరులో అదనంగా కదలడానికీ గట్టిగా కొట్టడానికీ ఖర్చుపెట్టే పాయింట్లు, తగ్గుతుంది, అప్పుడు ఆగడం దండగ కాదు.

పోరులో కొత్తవాళ్ళంతా ఒకే తప్పు చేస్తారు, బలహీనుల్ని ముందు చంపేస్తారు. ఇక్కడ వంతులు ఒకటి నీది, ఒకటి వాళ్ళది, మంది ఎంతున్నా అంతే. వాళ్ళు ఆరుగురుంటే ఒక్కో బలవంతుడికి వాళ్ళ ఆరు వంతులకోసారి చెయ్యి లేస్తుంది. నలుగురు బక్కవాళ్ళని లేపేసి ఇద్దరు మొనగాళ్ళని మిగిల్చావనుకో, వాళ్ళ వంతుల్లో ప్రతి రెండోదీ ఒక్కొక్కడిదే. అందుకని కొట్టి బలం రెండు మూడుకి దింపి వదిలెయ్, వాడి వంతు వృథా అవుతుంది. బలమే ప్రాణం, బలమే దెబ్బ కూడా. నీ బలం 12, వాడి కవచం 10 అయితే తగిలేది 2. ముందు కవచం విరిచి, తర్వాత బలం మీద కొట్టు. చివరికి ఒక్కడే మిగిలితే వంతుల పద్ధతి మారి నీవాళ్ళంతా వరసగా కొడతారు, ఆ ఒక్కడు బక్కవాడై ఉండేలా చూసుకో.

పెద్ద యుద్ధం ఎదురైతే మీదికి దూకడమా, వరసకట్టి నిలవడమా, తప్పుకోవడమా అని ఆట అడుగుతుంది. దూకితే నీ వీరులకి ఎదురయ్యేవాళ్ళు ఎక్కువ, వెనక చచ్చేవాళ్ళు తక్కువ. తప్పుకుంటే నీ పోరు తేలిక, జనానికి దెబ్బ. వీరులు గాయాల్లేకుండా ఉన్నప్పుడు దూకు.

నచ్చిన చోట సేవ్ చేసుకునే వీల్లేదు, ఆటే చేస్తుంది. ఒక నిర్ణయం చెడితే అది చెడినట్టే, దాంతోనే ముందుకెళ్ళు. ఇది 2014 నాటి మొదటి భాగం. నీ సేవ్‌ను 2016, 2018లో వచ్చిన భాగాల్లోకి తీసుకెళ్ళొచ్చు, కాబట్టి పాతది తుడిచెయ్యకు.

స్కోగర్ దాటాక తిండి ఎన్ని రోజులకుందో, ఎంతమందితో బయల్దేరావో రాయి.

మీ మామయ్య