పొట్లంలో ఏముంది?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. మా అత్తకు 61 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. టౌన్లో ఒక క్లినిక్‌కు పోతున్నాం. బోర్డు మీద ఎం.బి.బి.ఎస్. డాక్టరు పేరుంది గానీ ఆరు నెలల్లో ఆయన్ను ఒక్కసారీ చూడలేదు. కాంపౌండరే సూది వేసి, మాత్రలు పొట్లం కట్టి ఇస్తాడు. రోజూ వేసుకుంటోంది, నొప్పి తగ్గింది. పోయిన వారం మా ఊరి హెల్త్ క్లినిక్ నర్సమ్మ బీపీ చూసి 170/100 ఉందంది. మాత్ర మాత్రం ఇవ్వలేదు. ట్యాబ్‌లో ఎవరో డాక్టరుతో మాట్లాడించి, పీహెచ్‌సీకి పొమ్మంది. "ఆ పిల్లకేం తెలుసు, కాంపౌండరే నయం" అంటోంది మా అత్త. ఎవరి మాట వినాలి?
- ఒక కోడలు, పాకాల మండలం

జవాబు: ఆ పిల్ల మాటే వినండమ్మా. మాత్ర ఇవ్వకపోవడమే ఆమె సరిగ్గా చేసిన పని.

బీపీకి మొదట మందు రాయాల్సింది డాక్టరు. 2018లో ఆయుష్మాన్ భారత్ మొదలయ్యాక, నర్సింగ్ చదివి పల్లె వైద్యంలో శిక్షణ తీసుకున్నవాళ్లను ఉపకేంద్రాల్లో పెట్టారు. వాళ్లను మన దగ్గర ఎం.ఎల్.హెచ్.పి. (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులు) అంటున్నాం. మీ నర్సమ్మ అలాంటి ఆమే. డాక్టరు ఒకసారి రాసిచ్చాక నెలనెలా మాత్రలివ్వడం, బీపీ చూస్తుండటం ఆమె పని. అప్పుడు మీ అత్తగారు ప్రతిసారీ బస్సెక్కే పనుండదు.

డాక్టరు కానివాళ్లు రోగిని ముట్టుకోకూడదని నేననను. తిరుపతి రుయా ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి, విరేచనాలతో వాడిపోయిన బిడ్డకు నరం దొరక్క నా చేతులు వణికాయి. పక్కనున్న సిస్టరమ్మ బిడ్డ కణత దగ్గర వేలితో తడిమి, ఒక్క పోటుకే సూది దింపింది. ఆ తర్వాత నావైపు తిరిగి, "సెలైన్ ఎంత స్పీడు పెట్టమంటారు మేడమ్?" అంది. ఆమెకు తెలియక కాదు. కేస్ షీట్లో ఆ మాట నేనే రాయాలి, రేపు జవాబు నేనే చెప్పాలి.

మీ కాంపౌండరు ఎవరిని అడిగి ఆ పొట్లం కడుతున్నాడు?

నాకు భయం ఆ పొట్లమంటేనే. చిన్నగొట్టిగల్లు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. మొహం గుండ్రంగా, బుగ్గలు నిగనిగలాడుతూ ఉంటే ఊళ్లో అందరూ "ఒళ్లు చేశాడు" అన్నారట. చొక్కా గుండీ పొట్ట దగ్గర పట్టడం లేదు, కాళ్లేమో పుల్లలు. ముంజేతుల మీద ఏదీ తగలకుండానే కమిలిన మచ్చలు. షుగర్ 412. మూడేళ్లుగా మోకాళ్లకు పొట్లం మాత్రలే, అందులో ఉన్నది స్టెరాయిడ్, వాపునూ నొప్పినీ గట్టిగా అణిచే మందు. అది షుగరూ బీపీ పెంచుతుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. స్టెరాయిడ్ కాకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందే అయినా బీపీ పెరగొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. చూడకుండా చెప్పలేను గానీ, మీ అత్తగారి 170 ఆ పొట్లంలోంచే వచ్చిందేమో!

ఇది చదివి మాత్రలు దిబ్బలో పారేసేరు, వద్దు. నెలల తరబడి స్టెరాయిడ్ వేసుకుంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఉన్నట్టుండి ఆపితే మనిషి పడిపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టరు చూసి మెల్లగా తగ్గించాలి.

క్లినిక్‌లో "డాక్టరుగారు ఎప్పుడుంటారు? చీటీ రాసివ్వండి" అనడం తప్పేమీ కాదు. చీటీ మీద, క్లినిక్‌లోనూ డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కనబడాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. "చీటీ ఎందుకులేమ్మా" అన్నాడంటే ఇంక అక్కడ కూర్చోకండి. ఆర్.ఎం.పి. అని బోర్డుందని కూడా నమ్మకండి. చట్టంలో ఆ మూడక్షరాలకు రిజిస్టరైన డాక్టరని అర్థం, మన పల్లెల్లో సరిగ్గా తలకిందులు!

అత్తగారిని రేపే పీహెచ్‌సీకి తీసుకుపోండి. బీపీ మళ్లీ చూస్తారు. షుగరు పరీక్ష, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలిపే క్రియాటినిన్ పరీక్ష అడగండి. ఈలోగా గుండెలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం లాంటివి కనిపిస్తే తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయండి. మిగిలిన మాత్రలు పొట్లం కాగితంతో సహా పట్టుకుపోయి డాక్టరు టేబుల్ మీద పెట్టండి.