ముందు అసలుది, తర్వాతే పేరడీ

చిరంజీవి పాపకు పెదనాయన ఆశీస్సులు.

ఆదివారం హాస్టల్ పిల్లలను ఇంటికి పిలిచి 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్' వేస్తావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. తిరుపతిలో అన్నేళ్లు థియేటర్ ఆపరేటర్‌గా చేసినవాణ్ణి, విని ఊరుకోలేక రాస్తున్నా.

అది పాత భయానక సినిమా 'ఫ్రాంకెన్‌స్టైన్'కు మెల్ బ్రూక్స్ తీసిన పేరడీ. అసలు సినిమా చూపించకుండా దీన్ని చూపించొద్దమ్మా. ఆ తప్పు నేను చేశాను. వీడియో క్యాసెట్ల రోజుల్లో అద్దెకు తెచ్చుకుని నేరుగా ఇదే చూశాను. అక్కడక్కడా నవ్వానంతే. తర్వాతెప్పుడో 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టైన్' చూశాక, అయ్యో, సగం సినిమా చేజార్చుకున్నానే అని బాధేసింది. జరుక్ శాస్త్రి పేరడీలకు అందరికన్నా ఎక్కువ నవ్వేది శ్రీశ్రీ కవితలు నోటికొచ్చినవాళ్లే కదా. ఇదీ అంతే.

ఆ పాత సినిమా గంటా పది నిమిషాలే. 1935లో వచ్చిన 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' గంటంపావు. శనివారం రాత్రి రెండూ వేసెయ్. టైం లేదంటే రెండో దాంట్లో అడవి గుడిసె సీను ఒక్కటైనా చూపించు. ఊరంతా తరిమికొట్టిన ఆ వికారపు మనిషిని చూపులేని ముసలాయన లోపలికి పిలిచి తిండి పెడతాడు, చుట్ట ఇస్తాడు, 'ఫ్రెండ్' అనే మాట నేర్పిస్తాడు. నాకు ఇప్పటికీ కళ్లు తడుస్తాయి. మెల్ బ్రూక్స్ పేరడీలోనూ అదే గుడిసె, అలాంటి ముసలాయనే. వేసింది జీన్ హ్యాక్‌మన్. కాగే సూప్ గిన్నెలో పడదు, పాపం ఆ వికారపు మనిషి ఒళ్లో పడుతుంది. చీర్స్ చెప్పబోతే మగ్గు పగులుతుంది. చుట్ట అనుకుని వాడి బొటనవేలికి నిప్పంటిస్తాడు. శనివారం కళ్లు తుడుచుకున్న పిల్లలే ఆదివారం పడీపడీ నవ్వుతారు, చూడు.

ఇక టీవీ సంగతి. ఈ సినిమా 1974ది. అప్పటికి కలర్ మామూలైపోయింది. బ్లాక్ అండ్ వైట్‌లో తీస్తామంటే కొలంబియా స్టూడియో వాళ్లు ఒప్పుకోలేదు. బ్రూక్స్ కథ పట్టుకుని ట్వంటియత్ సెంచరీ ఫాక్స్‌కి వెళ్లాడు గానీ పట్టు వదల్లేదు. అంత ఇష్టంగా తీసిన నలుపు తెలుపులను మనం పాడు చేయకూడదు. టీవీని సినిమా మోడ్‌లో పెట్టు. ట్యూబ్‌లైట్ ఆర్పి, కిటికీకి దుప్పటి కట్టు. 'మాయాబజార్' ఆడిన వారమంతా నేను ప్రొజెక్టర్‌లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీల మీద నుంచి కన్ను తీసేవాణ్ణి కాదు. వాటి మధ్య ఎడం కాస్త పెరిగిందా, సావిత్రి ముఖం బూడిద పూసినట్టయ్యేది. కలర్ సినిమాలో అంతగా తెలియదు. బ్లాక్ అండ్ వైట్‌కు ఉన్నదల్లా ఆ వెలుగే.

ల్యాబ్ సీను వచ్చినప్పుడు మాత్రం నువ్వు దగ్గరగా కూర్చో. 1931 సినిమా కోసం మెరుపుల యంత్రాలు తయారుచేసిన కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ వాటిని ఇంట్లోనే దాచుకున్నాడు. బ్రూక్స్ వాళ్లు వెతుక్కుంటూ వెళ్లి ఆ యంత్రాలే తెచ్చి పెట్టారు. అంటే పిల్లలు ముందురోజు చూసిన నిప్పురవ్వలే మళ్లీ చూస్తారన్నమాట. వెక్కిరించేవాడు అంత శ్రమ పడడు పాపా, ప్రేమ ఉన్నవాడే పడతాడు.

ఇంగ్లిష్‌లోనే వెయ్, కింద సబ్‌టైటిల్స్ పెట్టు. హీరో తన పేరు చివర 'స్టైన్' కాదు 'స్టీన్' అని పట్టుబడతాడు, డబ్బింగ్‌లో అది పోతుంది. నౌకరు వీపు మీద గూని ఒకసారి ఒకవైపు, ఇంకోసారి రెండోవైపు ఉంటుంది. అది నువ్వు చెప్పొద్దు, వాళ్లే కనిపెట్టాలి. కొన్ని ముతక జోకులు కూడా ఉన్నాయి, అందుకని పక్కింటి చిన్నపిల్లలను పిలవకు.

మధ్యలో ఆపి ఎవరికీ ఏదీ వివరించకు. ఆదివారం రాత్రి ఫోన్ చేసి, గుడిసె సీనులో ముందు ఎవరు నవ్వారో చెప్పు.

మీ పెదనాయన